తడకకు అవుతలి పెద్ద లెక్కలు

ఉండె బిడ్డా, మా బడిల గూడ రెండు తీర్ల లెక్కలుండె. నిన్న ఫోన్ల నువ్వడిగినవ్ గద చిన్నీ, "అమ్మమ్మా, మాకు పదో తరగతిల స్టాండర్డ్ మ్యాథ్స్ అని ఒకటి, బేసిక్ అని ఒకటి ఉంటది, ఏదన్న ఒకటి తీసుకోవాలె, మీకు గూడ గిట్లనే ఉండెనా?" అని. నేను "ఉండె" అన్న. అంతల నీకు ట్యూషన్ టైమయ్యింది. "నాకైతె బేసిక్ చాలు అమ్మమ్మా, తలకాయ నొప్పి ఉండది" అనుకుంట ఫోను పెట్టేసినవ్. నువ్వు పెట్టేసినంక పొయ్యి మీద పాల సంగతి మర్చిపోయి గట్లనే నిలవడ్డ. పాలు పొంగి, గిన్నె మాడి, ఇల్లంత వాసనొస్తె గప్పుడు సోయికొచ్చిన. నువ్వేం తప్పు మాట అనలే. కని నీ మాట పోయి పోయి నా లోపట ఎప్పటికెళ్లో మూసి పెట్టిన జాగలనే తాకింది. ఇయ్యాల నువ్వు, తమ్ముడు ఒక్క దగ్గర కూసోని ఇనున్రి. పుణెకెళ్లి గోదావరిఖని దాక రానక్కర లేదు, ఫోను చెవికి పెట్టుకుంటె చాలు. నడిమిట్ల "ఓకే ఓకే" అనకున్రి, గంతే.

మా బడి సిస్టర్లది, ఆడపిల్లల బడి. కేరళ దిక్కుకెళ్లి వచ్చిన సిస్టర్లు తెల్లటి బట్టలేసుకోని, మెడల సిలువేసుకోని, గంత బొగ్గు దుమ్ముల గూడ మల్లెపువ్వులోలె తిరుగుతుండిరి. గా తెలుపు వాళ్లకెట్ల ఆగుతుందో మా అవ్వకు ఎన్నడు సమజ్ కాలే. అవ్వ అంటె మా అమ్మ, మీకు తాతమ్మ. బుధవారం నాడు మాకు తెల్ల యూనిఫారం. బాయి పక్కన క్వార్టర్లల తెల్ల బట్ట ఆరేసుడంటె మాటలా? బాయి అంటె మంచినీళ్ల బాయి అనుకునేరు, బొగ్గు బాయి. అవ్వ నీలిమందు పెట్టి పిండి, బయటేస్తె దుమ్ము పడుతదని ఇంట్లనె కిటికీకి, మంచం కోడుకు తాడు గట్టి ఆరేసేది. బట్టలకు పొయ్యి పొగ తాకకుండ గా పూట వంట బయట పెట్టుకునేది. బాపు తుడుచుకున్న తువ్వాల గా తాడు దరిదాపులకు వస్తె "అవుతలికి పో, అవుతలికి పో" అని కోళ్లను అదిలించినట్టు అదిలించేది. అయినా బుధవారం ప్రార్థనల నిలవడితె ఆఫీసర్ల పిల్లల తెలుపు ఒక తీరుండె, మా తెలుపు ఒక తీరుండె. సిస్టర్లు ఏమనకపోతుండిరి. మేమే తెలివి పట్టుకోని ఎనుక వరుసల నిలవడుతుంటిమి.

ప్రార్థన అయినంక నీతి పాఠం. కిరస్తానం పిల్లలు జ్ఞానోపదేశం అని వేరే గదికి పోతుండిరి, మిగిలినోళ్లకు అబద్ధమాడొద్దు, పెద్దోళ్లను గౌరవియ్యాలె అని కథలు చెప్తుండిరి. పగటీలి గంట కొడితె సిస్టర్లు ఎక్కడోళ్లక్కడ ఆగి చేతులు జోడించేటోళ్లు. మేం గూడ సద్ది గిన్నె మూత మీద చెయ్యి పెట్టుకోని కదలకుండ నిలవడేది, లోపట మామిడికాయ తొక్కు వాసన గుంజుతున్నా గూడ. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సాంఘికం, సైన్సు, అన్ని అందరికి ఒక్కటే పుస్తకాలు. లెక్కల కాడికొచ్చేసరికే తొమ్మిదో తరగతిల తొవ్వ రెండుగ చీలేది. జనరల్ అని చిన్న లెక్కలు. గోడకు సున్నమేస్తె ఎంత పడుతది, పెండ్లికి ఇంతమందొస్తె బియ్యమెన్ని పొయ్యాలె, గిసొంటియి. వాటితోని కుట్లు, వంట. కాంపోజిట్ అని పెద్ద లెక్కలు. వాటిల బీజగణితం, జామెట్రీ. పెద్ద లెక్కలు చదివినోళ్లే ముందల కాలేజిల సైన్సు దిక్కు పోవచ్చు. చిన్న లెక్కల పిల్లలు పదయినంక ఇంటి దిక్కు పోవుడే. మా మేనత్త బెల్లంపల్లిల ఉంటుండె. నేను పుట్టిన నాడే తన కొడుక్కు నన్ను అడిగి పెట్టుకున్నదట. వచ్చినప్పుడల్ల నా జడ పట్టి చూసి, "ఇంకెన్ని రోజులు సదువుతదే వదినా ఇది, మా పిలగానికి మీసాలొచ్చినయ్" అనేది. అవ్వ నవ్వేది. నేను నవ్వకపోదును. నాకు పెద్ద లెక్కలు దొరికితె కాలేజి, లేకుంటె బెల్లంపల్లి. నడిమిట్ల ఇంకో ఊరు లేకుండె.

గది ఒక్కటే అయితె గంత తండ్లాడక పోదును. నాకు లెక్కలంటె పానం. శారద టీచర్ అని గుంటూరు దిక్కామె లెక్కలు చెప్పేది. ఎనిమిదిల ఒకనాడు త్రిభుజం గీసి, మూడు కోణాలు కలిపితె రెండు లంబకోణాలు అన్నది. "ఏ త్రిభుజమైనానా టీచర్?" అన్న. "ఏదైనా. నువ్వు గీసినా, నేను గీసినా, ఎవరూ గీయకపోయినా" అన్నది. గా మాటకు నా ఒళ్లు జలదరించింది బిడ్డా. మా కాలనీల ఏది ఖాయముండె? బాపు తట్టా చెమ్మసు పట్టుకోని బాయి దిగి బొగ్గు నింపేటోడు. తట్ట అంటె గంప, చెమ్మసు అంటె పార. పొద్దున దిగిన మనిషి మళ్ల పైకొస్తడని దేవుడు గూడ ఖాయంగ చెప్పకపోతుండె. బాపు చెప్పులు గుమ్మంల ఇడిచిన సప్పుడైతెనే అవ్వ అన్నం వడ్డించేది, అంతకు ముందు గంటె ముట్టకపోయేది. గసొంటి ఇంట్ల పుట్టిన దానికి, ఎవ్వల దయ లేకుండ, ఎవ్వల్ని అడగకుండ, ఎప్పటికి నిజమయ్యేది ఒకటి ఉన్నదని తెలుస్తె ఎట్లుంటది? దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. మనకు ఏం ఇచ్చిన్రు, మనం ఏం చూపాలె, ఏం గీయాలె, ఎట్ల నిజమైతది. బొగ్గు పొయ్యి ముందల కూసోని గీ నాలుగు మాటలు మంత్రమోలె చదువుకుందును. బాపు నవ్వి, "నా బిడ్డకు పూనకమొచ్చింది" అనేటోడు.

ఎనిమిది అయిపొయ్యేటప్పుడు ఎవ్వలికి ఏ లెక్కలో సిస్టర్ ఫిలోమినా చూస్తుండె. ఆమె పెద్ద సిస్టర్, హెడ్‌మిస్ట్రెస్. ఒక్కొక్క పిల్లను బోర్డు కాడ నిలవెట్టి, టీచర్ ఒక సిద్ధాంతం చెప్తె, మొదటికెళ్లి చివరి దాక రాయాలె. గంతే పరీక్ష. నా ఎనుక వంతు విజయది. విజయ మా బాయి అండర్ మేనేజర్ సారు బిడ్డ, కాకినాడ దిక్కోళ్లు. మంచి పిల్ల, గర్వం లేనిది. నన్ను బోర్డు కాడికి పిలిస్తె, నా చెవిల "భయపడకు, నీకు వచ్చుగా" అన్నది. నాకు భయమే లేకుండె. త్రిభుజం గీసిన. దత్తాంశం రాసిన, సారాంశం రాసిన. మీద కొసకెళ్లి కింది గీతకు సమాంతరంగ ఇంకో గీత గీసి, ఉపపత్తి అని రాసి కింద గీత కొట్టిన. గప్పుడు బాయి సైరన్ కూసింది.

మీకు సైరనంటె అంబులెన్సుది గుర్తుకొస్తదేమో. మా సైరన్ షిఫ్టు మారినప్పుడు కూస్తుండె. గా కూతలకు మేము లేస్తుంటిమి, తింటుంటిమి, పండుకుంటుంటిమి. టైంల కూస్తె అది గడియారం. టైం గానప్పుడు కూసిందంటె బాయిల ఏదో అయ్యిందన్నట్టు. గప్పుడు కాలనీల ఎవ్వలు ఎవ్వల్ని అడగరు. పొయ్యి మీద కూర గట్లనే ఇడిచి, చంటిదాన్ని చంకలేసుకోని, కొప్పు ఊడిపోయినా సూస్కోకుండ అందరు బాయి మీదికి ఉరుకుడే. చిన్నప్పటికెళ్లి మా కాళ్లకు గదే నేర్పిన్రు. నేను సుద్దముక్క చేతిలనే పట్టుకోని ఉరికిన. నా తోని మా వరుసల పిల్లలు ఇంకా కొంతమంది ఉరికిన్రు. సిస్టర్ "ఆగండి! కూర్చోండి!" అన్నట్టు ఇనవడ్డది. వాచ్‌మన్ గేటు తీయకుంటె పక్కన కంచె సందులకెళ్లి దూరిన, తెల్ల జాకెట్టు చినిగింది.

బాయి తొవ్వల మలుపు కాడ ఎదురుంగ బాపు ఉరికొస్తుండు. బనీను మీద ఉన్నడు, చెప్పుల్లేవు. ఇంటికెళ్లి అడ్డదారిన వస్తుండన్నట్టు. నన్ను చూసి ఆగిండు.

"నువ్వేడికే?"

"నీ కోసమే బాపు!"

"నేను ఇంట్లనె ఉన్న గదనే! రెండో షిఫ్టు గద నాది!"

నాకు గప్పుడు యాదికొచ్చింది. గా పొద్దున బాపు గుమ్మం కాడ పండుకుంటె, ఆయన కాళ్లు దాటి పోయి బడి సంచి తీసుకున్న. కాళ్లు దాటుతె పెరగరని మళ్ల ఎనుకకు దాటిన గూడ. బాపు ఇంట్ల ఉన్నడని నా కండ్లతోని చూసిన. అయినా ఉరికిన. "మరి నువ్వెందుకు ఉరుకుతున్నవ్ బాపు?" అంటె, "లోపట మనోళ్లు ఉన్నరు గదనే" అన్నడు. ఇద్దరం కలిసి ఉరికినం. అక్కడికి పోయేసరికి ఆడోళ్లంత సైరన్ బాగు చేసేటోన్ని చుట్టుకోని తిడుతున్నరు. ఏదో తీగ కలిపి చూసిండట, అదే కూసిందట. "నీ నోట్ల మన్నువడ, నా గుండె ఆగిపోయింది గదరా!" అని ఒకామె ఆయిన్నే పట్టుకోని ఏడుస్తుంది, నవ్వుతుంది. మా అవ్వ పిండి చేతులతోని అక్కడ్నే ఉన్నది. బాపును చూసి, "నువ్వు ఇంట్లకెళ్లే వచ్చినవ్ గద, మరి నేనెందుకొచ్చిన?" అన్నది. అందరం నవ్వినం. నా నవ్వు నా చేతిల సుద్దముక్కను చూసుకునే దాకనే.

మళ్ల బడికి పోయేసరికి బోర్డు మీద నా త్రిభుజం అట్లనే ఉన్నది. ఉపపత్తి అన్న నా అక్షరాల కింద వేరే అక్షరాలు, గుండ్రంగ, చక్కగ, చివరి దాక. విజయ రాసిందట. నేను ఉరికినంక సిస్టర్ "తరువాత అమ్మాయి" అన్నదట, విజయ లేచి నేను ఆపిన కాడికెళ్లి పూర్తి చేసిందట. సిస్టర్ ఫిలోమినా నన్ను ఆఫీసు గదికి పిలిచింది. అయినదంత నా నోటితోనే చెప్పించుకున్నది. కోప్పడలే. గా నిదానమే నన్ను చంపింది. "మీ తండ్రి ఇంట్లో ఉన్నాడు. నువ్వే చూసి వచ్చావు. మరి ఎందుకు పరిగెత్తావు?" అన్నది. "నీ మనసు ఇంటి దగ్గర ఉంది అమ్మా. ఇలాంటి పిల్లలకు జనరల్ మంచిది" అన్నది. ఉరికిన పిల్లలందరికి జనరలే. వాళ్లల్ల కొందరు సంబురపడ్డరు, తలకాయ నొప్పి పోయిందని. నేను మాత్రం చినిగిన జాకెట్టు పట్టుకోని బడిలున్న మరియమ్మ గుహ కాడ కూసోని, కండ్లు మండేదాక ఏడ్చిన.

మర్నాడు బాపు మొదటి షిఫ్టుకు మారి, డ్యూటీ దిగినంక బడికొచ్చిండు. స్నానం చేసి, పండుగలకు వేసే తెల్లంగి వేసుకున్నడు, కని కండ్ల చుట్టు బొగ్గు ఎంత కడిగినా పోదు, కాటుక పెట్టుకున్నట్టుంటది. సిస్టర్ కుర్చీ చూపెట్టింది. దాని మీద తెల్ల గుడ్డ పరిచి ఉన్నది. బాపు కూసోలే. "నిలవడితెనే మంచిగుంటదమ్మా" అన్నడు. "మా పిల్లను ఇంకొక్కపాలి బోర్డు కాడ నిలవెట్టున్రి. అది లెక్కలు లేకుంటె బతకదమ్మా" అన్నడు. గా మాట బాపు నోట్లకెళ్లి వస్తదని నేననుకోలే. "సరే. పబ్లిక్ పరీక్ష రోజు ఆ సైరన్ మోగితే?" అన్నది సిస్టర్.

బాపు నా దిక్కు చూసిండు. నేను కండ్లతోనే బతిమిలాడిన. ఒక్క మాట చాలు, "ఉరకదమ్మా" అంటె చాలు. నా పానమంత గా ఒక్క మాట మీద ఉన్నది. బాపు తల ఒంచుకోని, "ఉరుకుతదమ్మా" అన్నడు.

బయటికొచ్చినంక, "తప్పయిందా బిడ్డా?" అన్నడు. "లే బాపు" అన్న. నా బతుకుల నేను ఆడిన పెద్ద అబద్ధం గదే కావచ్చు. ఇయ్యాల్టికి అనుకుంట, ఆయన గట్ల చెప్పకుంటె ఆయన నా బాపే కాడు. చెప్పినందుకు ఎన్ని రోజులు కంచం పక్కకు నూకిననో గది గూడ అనుకుంట. అవ్వ సమ్మక్కకు మొక్కింది, దీనికి పెద్ద లెక్కలొస్తె దీనెత్తు బంగారం ఇస్తనని. భయపడకున్రి, సమ్మక్క కాడ బంగారమంటె బెల్లమే. నేనేమో గుహ కాడ మరియమ్మకు కొవ్వొత్తి పెట్టిన. ఇద్దరు తల్లులకు మొక్కినం. ఒక్క తల్లన్న ఇటు తిరగలే.

తొమ్మిదిల మాకు గదులు సాలక, ఒక పెద్ద హాలును నడిమిట్ల వెదురు తడక గట్టి రెండు చేసిన్రు. తడకకు ఇవుతల మేము కుట్లు కుడుతున్నం. అవుతల శారద టీచర్ పెద్ద లెక్కలు చెప్తుంది. మీరు ఆలోచించున్రి బిడ్డా. ఆకలిగొన్నోన్ని వంటింటి గోడకు ఆనించి కూసోవెట్టినట్టు. టీచర్ గొంతు పొల్లుపోకుండ ఇనవడేది, బోర్డు మాత్రం కనవడకపోయేది. "ఏ బీ సీ ఒక త్రిభుజం, బీసీ మీద డీ ఒక బిందువు" అంటది. డీ ఏ జాగల పెట్టిందో నాకెట్ల ఎరుక? చేతిల గుడ్డ, సూది ఉండె. గుడ్డ మీద పువ్వు కుట్టాల్సింది పోయి, చెవిన వడ్డ త్రిభుజం గొలుసు కుట్టుతోని కుట్టేదాన్ని. డీ బిందువు కాడ ముడి. తప్పని తెలిసి ఇప్పేదాన్ని, మళ్ల కుట్టేదాన్ని, వేళ్లకు సూది దిగి గుడ్డంత రక్తం చుక్కలు. ఒకనాడు కుట్ల సిస్టర్ గా గుడ్డ తీసుకోని తిప్పి తిప్పి చూసింది. అడుగుతదేమో, చెప్తె అవుతలికి పంపుతదేమో అని ఆమె మొఖం దిక్కే చూసిన. "గొలుసు కుట్టు చాలా బాగుంది రాజేశ్వరీ. కానీ పువ్వుకు రేకులు మరిచిపోయావు" అని తిరిగిచ్చింది. సద్దులప్పుడు విజయ వచ్చి నా పక్కన కూలవడి, "మీకు హాయి రాజేశ్వరీ, కుట్టుకుంటూ కూర్చుంటారు. మా ప్రాణాలు తోడేస్తున్నారు అక్కడ" అనేది. దాని మనసుల ఏం లేకుండె. నిన్న నీ మనసుల గూడ ఏం లేదు చిన్నీ, నాకెరుకే.

పదయినంక బెల్లంపల్లి బండి ఎక్కిన. మీ తాత మంచోడే, ఒక్కనాడు ఎత్తి మాటనలే. మళ్ల ఉద్యోగం ఇటే దొరికితె గోదావరిఖనికే వచ్చినం. కాలనీ ఆడోళ్లకు కుట్లు నేర్పిన, మంచి పేరొచ్చింది. మీ అమ్మకు ఎనిమిది దాక నేనే కూసోవెట్టి లెక్కలు చెప్పిన. తొమ్మిదిలకు పోయినంక పుస్తకం పట్టుకోని వచ్చి, "అమ్మా, ఇది చెప్పు" అన్నది. చూసిన. ఏ బీ సీ ఒక త్రిభుజం, బీసీ మీద డీ ఒక బిందువు. మాట మాట యాదికున్నది, ఎట్ల నడవాలెనో తెలువది. "పోయి మీ టీచర్‌ను అడుగు" అని పొయ్యి కాడికి పోయిన. గా పొగల నా కండ్లు ఎందుకు తుడుచుకున్ననో మీ అమ్మకు ఇయ్యాల్టికి తెలువది. ఇప్పుడు మా దిక్కు లోపటి బాయిలు ఒక్కొక్కటే మూతవడుతున్నయ్. అంత ఓపెన్‌కాస్ట్, కొండలు కొండలు మట్టి. పగటీలి బ్లాస్టింగ్ పెడితె గోడకున్న గిన్నెలు గలగలమంటయ్, పోరగాళ్లు ఫోన్లకెళ్లి తల గూడ ఎత్తరు. నేను మాత్రం ఇంకా లేచి నిలవడుత. ఏడికి ఉరకాలెనో తెలువక మళ్ల కూసుంట. నువ్వు ఏ లెక్కలు తీసుకున్నా నీ ఇష్టమే బిడ్డా. నీకు ముందల తడక లేదు, తలుపే ఉన్నది. కని తలకాయ నొప్పి అన్న మాట నా ముందల అనకు, తట్టుకోలేను.

ఇంకొక్కటి చెప్పి ఇడుస్త. తొమ్మిది అయిపొయ్యేటప్పుడు విజయ వాళ్ల నాన్నకు కొత్తగూడెం దిక్కు బదిలీ అయ్యింది. గా సంగతి ఇంట్ల చెప్తె బాపు అన్నడు, "మంచి సారు. గా సైరన్ ఉత్తగ కూసిన నాడు సారు లోపట్నే ఉన్నడు, మనోళ్లతోని." నేను తింటున్న కంచం ముందలకెళ్లి లేచి, చెయ్యి గూడ కడుగకుండ ఆఫీసర్ల బంగళాల దిక్కు ఉరికిన. లారీల సామాను ఎక్కిస్తున్నరు. విజయ జీపు కాడ నిలవడ్డది. "గా సైరన్ కూసిన రోజు మీ నాన్న బాయిల ఉన్నడు గద, నీకు ఎరుకేనా?" అన్న. విజయ మొఖం తెల్లవడ్డది. "తెలుసు" అన్నది. "పొద్దున నేనే క్యారేజీ అందించాను." వాళ్లమ్మ పిలిచింది. అది జీపెక్కి కూసోని నా దిక్కే చూస్తుంది, ఏదో అనబోయినట్టు పెదవులు కదిలినయ్. జీపు సప్పుడుల ఏం ఇనవళ్లే. మళ్ల విజయ నాకు కనవళ్లే.

నా బాపు ఇంట్ల పండుకున్నడని చూసి గూడ నేను ఉరికిన. దాని నాయన భూమి లోపట ఉన్నడని ఎరుకుండి గూడ అది బోర్డు కాడికి నడిచింది, సుద్దముక్క తీసుకున్నది, నా త్రిభుజాన్ని చక్కటి అక్షరాలతోని పూర్తి చేసింది. గది ధైర్యమా, సిస్టర్ అంటె భయమా, గా కూతకు అర్థమే వాళ్లింట్ల ఎవ్వలు చెప్పలేదా, నాకు తెలువది. పొయ్యి కాడ కూసున్నా, మిషిను కాడ కూసున్నా అదే అడుగుకుంట వచ్చిన, ఇప్పుడు అడుగుదామంటె అది ఏ ఊర్ల ఉన్నదో, ఉన్నదో లేదో. విజయా, గా కూత ఇన్నంక నీ కాళ్లెట్ల ఆగినయే?